ఎఱ్ఱ మాత్రయు మిరపకోతయు

ఆంధ్రప్రదేశమున గర్భవతులలో రక్తహీనులు నూటికి 52.9 మంది యని 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్పగా, 2019-21 సర్వే నాటికి ఆ లెక్క 53.7కు చేరినది. ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్రలను పంచు జాతీయ పథకము 1970లోనే ఆరంభమైనది. అర్ధశతాబ్దము గడచినను ఫలము కానరాకుండుటకు మాత్ర దొరకకపోవుట యొక్కటే కారణము కాదు. దేశము మొత్తముమీద నూఱు దినములు మాత్ర మింగిన తల్లులు నూటికి 44 మంది కాగా, విధింపబడిన 180 దినములు మింగినవారు 26 మందియే. నడుమ జాఱిపోయిన ఆ దినములలోనే మన లోపమున్నది.

గర్భకాలమునకు సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావలెను: శిశువునకును మాయకును మూడువందలు, తల్లి రక్తవృద్ధికి ఐదువందలు, నిత్యము దేహమునుండి పోవుదానికి తక్కినది. మాత్రలో 60 మిల్లీగ్రాములున్నను పేగులు గ్రహించునది అందు కొలదిభాగమే. కొన్ని వారములకే నీరసము తగ్గి, కళ్లు తిరుగుట మాని, ఇఁక చాలునని విడిచిపెట్టిన స్త్రీకి రక్తము కొంత పట్టియుండవచ్చును గాని, దేహపు నిల్వ నిండలేదు.

గుంటూరు మిరపచేలలో కోతలు ముమ్మరమైనపుడు, తెల్లవారకమునుపే టీ త్రాగి, చద్దిగిన్నెతో ఆటో ఎక్కి, ఎండలో వంగి కాయ కోసి, పొద్దుగ్రుంకినపిదప ఇల్లు చేరు గర్భవతి ఈ మాత్రను ఏ వేళ మింగవలెను? టీతో మింగిన ఇనుము సరిగా పట్టదు. వట్టికడుపున మింగిన వికారము పుట్టి నాటి కూలి పోవునేమోయను భయము. మలము నల్లబడుట చూచి అత్తగారు వలదనును. అది పేగులు గ్రహింపక విడిచిన ఇనుమేయని మొదటినాడే చెప్పినచో ఆ జడుపు పుట్టదు. రాత్రి అన్నము తిన్న కొంతసేపటికి, పడుకొనబోవుచు, నిమ్మరసము కలిపిన నీటితో మింగుట మేలు. కాల్షియము మాత్ర వేఱొక పూట. 2006లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, భోజనములోని మిరపకాయ థాయి యువతులలో ఇనుము గ్రహణమును మూడింట ఒకవంతుకుమించి తగ్గించినట్లు తేలినది. గొడ్డుకారము లేనిదే ముద్ద దిగని సీమలో కారము మానుమనుట నా అభిమతము కాదు. కూటికిని మాత్రకును నడుమ ఎడముంచుటకు ఇది మఱియొక హేతువు.

అన్నిటిని మించిన విఘ్నము వలస. కర్నూలు సీమనుండి కోతలకు వచ్చిన కుటుంబములు వారములతరబడి చేలచెంత పట్టలు కప్పిన గుడారములలో ఉందురు; గర్భవతి పేరు స్వగ్రామపు ఏఎన్ఎం పుస్తకములో నుండును, ఆమె మాత్రము ఇచట నుండును. బయలుదేరునపుడే రెండు మూడు నెలల మాత్రలిచ్చి కార్డుపై వ్రాయవలెను. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినవారిని చేరిన ఊరి ఆశా కార్యకర్త ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొనిపోవలెను. ఇందులకు క్రొత్త పథకము అక్కఱలేదు. సంజవేళ ఆ గుడారములకు పోయివచ్చుటకు ఆమెకు ఆటో కిరాయి కావలెను.