టవర్ వద్దనే ముందు చుట్ట సంగతి తేల్చుకుందాం



కొన్నాళ్ళుగా మన గ్రూపుల్లో ఒకటే మాట తిరుగుతోంది. ఊళ్ళో సెల్ టవర్ పడితే క్యాన్సర్ వస్తుందట. ఫోన్ దిండు కింద పెట్టుకుంటే మెదడులో గడ్డ వస్తుందట. మేం హాస్టల్ పిల్లలం దీని మీద నాలుగు మాటలు రాస్తున్నాం. కోపం వచ్చినా పర్లేదు, చివరిదాకా చదవండి.

రేడియేషన్ అంటే అంతా ఒకటే కాదు. ఎక్స్‌రేకి మన కణాల్లోని డీఎన్‌ఏని దెబ్బతీసే శక్తి ఉంది. ఫోన్, టవర్ వాడే రేడియో తరంగాలకి అంత శక్తి లేదు, మోతాదు మించితే ఒంటిని వేడి చేస్తాయి. అందుకే పరిమితులు పెట్టారు. మన దేశంలో టవర్లకి 2012 సెప్టెంబర్ నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే అనుమతి.

భయపెట్టేవాళ్ళు 2011 నాటి మాట పట్టుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ ఏడాది ఈ తరంగాలని 2బి గ్రూపులో పెట్టింది, నిజమే. 2బి అంటే "ఉంటే ఉండొచ్చు, రుజువు చాల్లేదు" అని. అదే సంస్థ ఇంట్లో కట్టెల పొయ్యి పొగని 2ఎలో పెట్టింది, అంటే ఒక మెట్టు పైన. పొగాకుని 1వ గ్రూపులో పెట్టింది, అంటే రుజువైపోయింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 63 అధ్యయనాలు చూసి, ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనబడలేదని చెప్పింది.

ఇప్పుడు చెప్పండి, మన అమ్మల్ని, అమ్మమ్మల్ని తినేస్తున్నది ఏది? నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగితే అంగిట్లో క్యాన్సర్ వస్తుందని శ్రీకాకుళం వైపు డాక్టర్లు ఎప్పుడో తేల్చారు. మరి చుట్ట మీద, ఖైనీ మీద, గుట్కా మీద ఒక్క ఫార్వర్డ్ అయినా వచ్చిందా? కిరాణా కొట్లో వేలాడే ప్యాకెట్ కనబడదు గానీ, కొండ మీద ఇనుప స్తంభం మాత్రం కనబడుతుందా?

ఇంకో సంగతి. సిగ్నల్ ఎంత తక్కువైతే ఫోన్ అంత ఎక్కువ శక్తితో తరంగాలు పంపుతుంది. అంటే టవర్ దూరమయ్యేకొద్దీ చెవి దగ్గర మోతాదు పెరుగుతుంది, తగ్గదు.

పట్నంలో ఒక టవర్ వద్దంటే పక్క వీధిలో ఇంకోటి ఉంటుంది. మనకి ఉన్నదే ఒకటి. అదీ లేకపోతే పురుటి నొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి మోస్తూ, 108కి ఫోన్ కలవడానికి ఒకడు కొండెక్కాలి. కరోనా టైంలో ఆన్‌లైన్ క్లాసు కోసం చెట్లూ గుట్టలూ ఎక్కింది ఎవరు? మన పిల్లలే కదా!

అలాగని కంపెనీవాళ్ళు చెప్పిందల్లా నమ్మమనడం లేదు. పీసా చట్టం ఉంది, గ్రామసభ ఉంది. ఎవరి భూమిలో వేస్తున్నారు, అద్దె ఎవరికి పోతుంది, రేడియేషన్ కొలిచి చూపిస్తారా అని గట్టిగా అడుగుదాం. అది మన హక్కు. పుకారు హక్కు కాదు.

అదే గ్రామసభలో ఇంకో తీర్మానం కూడా పెడదాం. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయాలని ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. అది మన గూడేనికి ఎందుకు రావడం లేదని ఏఎన్ఎమ్మునీ, పీహెచ్‌సీ డాక్టర్నీ అడుగుదాం. ఫార్వర్డ్ నొక్కే వేలితోనే ఆ అర్జీ మీద సంతకం పెట్టండి.

జై ఆదివాసీ!