న్యాయం తర్వాత, ముందు సినిమా ఏదీ?

మొన్న శనివారం రాత్రి గుడిమల్కాపూర్‌లో మా గది గోడకి తెల్ల దుప్పటి కట్టి, ఐదుగురం కూచుని ‘నోస్‌ఫెరాటు’ చూశాం. 1922 నాటి జర్మన్ మూకీ. ‘డ్రాకులా’ నవలని హక్కులు కొనకుండానే తీసేశారు. రచయిత బ్రామ్ స్టోకర్ భార్య కోర్టుకెక్కి, ప్రింట్లన్నీ నాశనం చెయ్యాలని తీర్పు తెచ్చుకుంది. కొన్ని కాపీలు తప్పించుకున్నాయి. వాటినుంచే తర్వాతివాళ్లు దాన్ని బాగుచేసుకున్నారు. సినిమా అయ్యాక మావాళ్లది ఒకటే చర్చ: నవలకి న్యాయం జరిగిందా? తెల్లారి పూలమార్కెట్ మీదుగా సాగనంపుతున్నప్పుడు కూడా అదే గోల.

నాకు ఒళ్లు మండింది. న్యాయం సంగతి తేల్చాలంటే ముందు సినిమా అంటూ మిగలాలి కదా!

మనకి మూకీల్లో నవలలెక్కడివి, అన్నీ పురాణాలేగా అంటారు. సరే, ఆ పురాణాలైనా ఏవి? రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఏది? దేశం మొత్తమ్మీద వెయ్యికి పైగా మూకీలు తీస్తే మిగిలినవి కొన్ని పదులు. వెండి కోసం రీళ్లని కరిగించి అమ్ముకున్నవాళ్లం మనం.

పక్కనున్న కేరళని చూడండి. సి.వి. రామన్ పిళ్లై నవల ‘మార్తాండవర్మ’ని 1933లో మూకీగా తీశారు. నవల హక్కులు మావంటూ కమలాలయ బుక్ డిపో కేసు వేసింది, సినిమా ఆగిపోయింది. ప్రింటు ఆ పుస్తకాలవాళ్ల గోడౌన్లోనే పడి ఉండి, 1974లో పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌కి చేరింది. పుస్తకం కోసం పడిన గొడవే సినిమాని కాపాడింది!

మన హైదరాబాద్‌లోనూ గొడవైంది. ధీరేన్ గంగూలీ ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. 1924లో ‘రజియా బేగం’ ఆడించినందుకు నిజాం ఆయన్ని ఊరు వదిలి పొమ్మన్నాడు. ఆ గొడవలో మనకేమీ మిగల్లేదు.

ఇందులో సినిమావాళ్ల నిర్లక్ష్యం ఎంతుందో, సాహిత్యం వాళ్ల చిన్నచూపూ అంతే ఉందంటాను. ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసిన ప్రకాశే 1940లో మొక్కపాటి ‘బారిష్టర్ పార్వతీశం’ని టాకీగా తీశాడు. నవల మనందరికీ నోటికొచ్చు. దాని మీద ఎన్ని సభలు, ఎన్ని వ్యాసాలు! సినిమా ప్రింటు ఎక్కడుందని అడిగిన సభ ఒక్కటైనా నేను చూళ్లేదు. ఒక తరం తన కాలపు నవలని ఎలా చదువుకుందో తెరమీద కనిపించేది అక్కడే. అది విమర్శకుడి ముడిసరుకు కాదా?

రీలు దొరక్కపోతే కరపత్రాలు, స్టిల్స్, పాత పత్రికల ప్రకటనలు, టాకీల పాటల పుస్తకాలు ఉంటాయి. మీ తాతగారి ట్రంకుపెట్టె తెరిచినప్పుడు పుస్తకాలు మాత్రమే ఏరుకుని మిగతాది పాతకాగితాలవాడికి వెయ్యకండి. నవలకి న్యాయం జరిగిందా లేదా అన్నది తీరిగ్గా కొట్టుకుందాం.