చెప్పు – అడుగు

తెలుగులో 'చెప్పు' అన్నది చిత్రమైన మాట. గురువు ముందర అది విన్నపం. గుమ్మం వెలుపల అది పాదరక్ష. ఈ రెండర్థాల మీద నడిచే పరిహాసాన్ని బాల్యంలో ఎరుగనివారు అరుదు. "ఒక వింత సంగతి చెప్పనా?" అని ఒకడు ఊరిస్తాడు. "ఏమిటది? చెప్పు" అని రెండవవాడు ఆత్రపడతాడు. "చెప్పు నీ కాలికే ఉన్నది గదా!" అని మొదటివాడు పకపక నవ్వుతాడు.

ఇది మన ఒక్కరి సొత్తు కాదు. "ఇక్కడ అప్‌డాగ్ వాసన వస్తున్నది" అంటాడు అమెరికా యువకుడు. "వాట్స్ అప్‌డాగ్?" అని మిత్రుడు అడుగుతాడు. ఆ ప్రశ్నే చెవికి "ఏమోయ్, ఏమిటి విశేషం?" అనే పలకరింపుగా వినబడుతుంది. దేశమేదైనా కీలకం ఒక్కటే: ఎదుటివాడు అడిగితే గాని వల బిగియదు. అతని కుతూహలమే ఎర.

మాటల చమత్కారాన్ని మేము నిందించడం లేదు. అమీర్ ఖుస్రో (1253–1325) పేరిట ప్రచారంలో ఉన్న 'కహ్‌ముకరీ'లను చూడండి. ఒక చెలి ప్రియుని వర్ణిస్తున్నట్లే పలుకుతుంది. "ప్రియుడా?" అని సఖి అడుగుతుంది. "కాదు" అని చెలి ఏ దీపం పేరో, మరే వస్తువు పేరో చెప్పి మాట తప్పించుకుంటుంది. సఖి మోసపోయిన మాట నిజమే. కాని ఆమెకు జవాబు దొరికింది. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు కొంటె ప్రశ్నలతో అవధాని ఏకాగ్రతను చెదరగొట్ట జూస్తాడు. అవధాని చమత్కారంతోనే బదులిస్తాడు. బందరులో తెలుగు బోధించిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) వంటివారు వెలిగించిన ఆ విద్యలో అడిగేవానికి పృచ్ఛకుడన్న పేరున్నది, సభలో ఆసనమున్నది.

మన కళాశాలలో అట్టి ఆసనమున్నదా? ఒక ఏడు జగ్గయ్యపేట, నందిగామల నుండి వచ్చే పిల్లలతో కలిసి మేము బస్సులో ప్రయాణిస్తున్నాము. కీసర వద్ద మున్నేటి వంతెన దాటుతుండగా, ఉర్దూ బడి నుండి కొత్తగా వచ్చిన ఒక విద్యార్థిని తోటివారు ఈ 'చెప్పు' వలలోనే పడవేశారు. అతడు అమాయకంగా "చెప్పు భాయ్" అన్నాడు. బస్సంతా తమ కాళ్ళను చూపి నవ్వింది. అతడూ నవ్వాడు. మేమును నవ్వాము.

ఆ తరువాత నెల రోజులు అతడు తరగతిలో నోరు విప్పలేదు. ఒకనాడు పాఠం ముగిశాక ఒక కాగితపు ముక్కను మా బల్లపై ఉంచి వెళ్ళాడు. అందులో సంధులను గూర్చిన ఒక ప్రశ్న, అదియు చక్కని ప్రశ్న, ఉర్దూ లిపిలో వ్రాసి ఉన్నది. నోటితో అడుగవలసినదానిని కాగితంతో అడిగాడు. మాకు సిగ్గు కలిగింది. ఆనాటి నవ్వులో మా వంతు నవ్వు కూడా ఉన్నది గదా! అధ్యాపకుడు నవ్వితే దానికి ఆమోదముద్ర పడినట్లే.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! పరిహాసం మానవద్దు. కాని "వింత సంగతి" అని ఊరించినప్పుడు నిజంగా ఒక సంగతి మీ దగ్గర ఉండాలి. నవ్విన పిమ్మట దానిని చెప్పండి. మరుసటి వంతు మోసపోయినవానికి ఇవ్వండి. భాష పూర్తిగా రానివానిని మాత్రం ఆ భాషలోని శ్లేషతో పట్టవద్దు. అది వేట కాదు, కట్టివేసిన లేడిని కొట్టడం.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి: వార్షికోత్సవంలో తెలుగు పొడుపుకథలకు, ఉర్దూ పహేలీలకు, ముకరీలకు ఒక ఉమ్మడి పోటీ ఏర్పాటు చేయండి. ఉత్తమమైన జవాబుకే గాక ఉత్తమమైన ప్రశ్నకు కూడా బహుమతి ప్రకటించండి.

'చెప్పు' వలెనే 'అడుగు'కూ మన భాషలో రెండర్థాలున్నవి: ప్రశ్నించుమని ఒకటి, ముందుకు వేసే పాదమని మరొకటి. ఒకదానిని ఆపితే రెండవది కూడా ఆగిపోతుంది.