ట్రూఅప్ అంటే ఏటి బాబూ?

రామతీర్థం గుడి దారిలో టీ కొట్టు దగ్గిర మొన్న ఓ ముసలమ్మ జనవరి నెల కరెంటు బిల్లు నా చేతిలో పెట్టి అడిగినాది. "ఓ ఫేను, రెండు బల్బులు, ఓ టీవీ. నానేటి అంత ఎక్కువ కాల్చీసినాను బాబూ? ఈ కింద రాసినవన్నీ ఏటి?"

డెబ్బై యూనిట్లు కాలింది. మొదటి 30 యూనిట్లకి రూపాయి తొంభై పైసల చొప్పున 57 రూపాయలు, మిగతా 40 యూనిట్లకి మూడు రూపాయల చొప్పున 120. వెరసి 177. ఆమె కాల్చిన కరెంటు ఖరీదు అంతే. దాని కింద స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం. ఇంకా కిందకి దిగితే అసలు బాగోతం మొదలు. 'ట్రూఅప్' అని, 'ఎఫ్‌పీపీసీఏ' అని ఒకదాని కింద ఒకటి వరసలు. తెలుగులో చెప్పాలంటే ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు. చదువుకున్నోళ్లకే అర్థం కాని ముక్క, వేలిముద్ర వేసే మనిషికి ఎలగ అర్థమవుతాది?

నేను ఆమెకి చెప్పింది ఇది. కిరాణా కొట్టోడు రెండేళ్ల కిందట నీకు కందిపప్పు అమ్మినాడు, నువ్వు డబ్బులిచ్చీసినావు. ఇప్పుడొచ్చి, "అమ్మా, అప్పుడు నాకు పప్పు ఎక్కువ ధరకి పడింది, ఆ తేడా ఇప్పుడు కట్టు" అన్నాడు. నువ్వు ఊరుకుంటావా? కరెంటు కాడ ఊరుకోవాలి. లేదంటే ఫీజు పీకీస్తారు.

ఇలగ కట్టమన్న మొత్తం ఎంతనుకున్నారు? రాష్ట్రం మొత్తం మీద 2022-23 సంవత్సరం తేడా 6,072 కోట్లు. 2023-24ది 9,412 కోట్లు. రెండూ 2024 డిసెంబరు నుంచి వసూలు మొదలెట్టీసినారు, ఒకటి పదిహేను నెలలు, రెండోది ఇరవై నాలుగు నెలలు. అంతకు ముందు 2023 నుంచే యూనిట్‌కి 40 పైసల నెలవారీ వడ్డన ఉండనే ఉన్నాది. మన ముసలమ్మ డెబ్బై యూనిట్లకి ఆ ఒక్క వరసే 28 రూపాయలు.

ఇంత తేడా ఎందుకొచ్చిందో గుర్తు చేసుకోండి. 2022 వేసవి. ఉక్రెయిన్ యుద్ధంతో పై దేశాల బొగ్గు ధర మండిపోయింది. సరిగ్గా అప్పుడే ఆ బొగ్గుని పది శాతం కలిపి తీరాలని ఢిల్లీ హుకుం జారీ చేసింది. ఎక్స్‌చేంజిలో యూనిట్ ధర ఎంతకి పోయిందంటే, 12 రూపాయలు దాటకూడదని గీత గీయాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో ఫ్యాక్టరీలకి వారానికో రోజు పవర్ హాలిడే ఇచ్చినారు. సరే, ఆపద వచ్చింది, ఖర్చయింది. ఆ ఖర్చులో బొగ్గు అమ్మినోడి వాటా ఎంత, హుకుం ఇచ్చినోళ్ల వాటా ఎంత? సున్నా. ఆ ఏడాది డిసెంబరులో కేంద్రం ఇంకో రూలు తెచ్చింది, పెరిగిన ఖర్చుని ఏ నెలకానెల జనం బిల్లులో వేసీయండని. ఏపీఈఆర్‌సీ విచారణ పెట్టి, ఇంత ఎందుకు కొన్నారని నిలదీసే సందు కూడా అక్కడ సన్నగిల్లిపోయింది.

పేదోళ్లకి యూనిట్ రేటు తక్కువే గదా, సబ్సిడీ ఇస్తున్నారు గదా అంటారు. నిజమే, 400 యూనిట్లు దాటినోళ్లకి 9 రూపాయల 75 పైసలు. కానీ 2022 ఏప్రిల్ పెంపుదల తీసి చూడండి. 31 నుంచి 75 యూనిట్ల మధ్య 2 రూపాయల 9 పైసలున్నది మూడు రూపాయలయింది, అంటే 91 పైసలు పెంచినారు. 400 పైన పెంచింది 55 పైసలు. ఏసీలు తిరిగే మేడకి 55, ఒక ఫేను తిరిగే పెంకుటింటికి 91. సబ్సిడీ మాట ఎత్తేవాళ్లు ఈ లెక్క ఎత్తరు.

పార్టీల సంగతి ఎక్కువ రాయను. అప్పుడు పెంచినోళ్లు 2024 డిసెంబరు 27న 'పోరుబాట' అని రోడ్డెక్కినారు. అప్పుడు రోడ్డెక్కినోళ్లు ఇప్పుడు, ఇదంతా పాత ప్రభుత్వం పాపమంటూ వసూలు చేస్తున్నారు. పాపం ఎవరిదైనా చలానా మాత్రం మన పేరనే ఉన్నాది.

ఇంకోటి ఉన్నాది. 2023లో కేంద్రం రాసిన నిబంధనల్లో పూట రేట్లున్నాయి. పగలు, ఎండ కరెంటు దండిగా ఉండే గంటల్లో రేటు కనీసం 20 శాతం తగ్గించాలి. వాడకం ఎక్కువుండే గంటల్లో ఇళ్లకి కనీసం పది శాతం పెంచాలి. వ్యవసాయం తప్ప అందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి తేవాలన్నారు, స్మార్ట్ మీటరు పెట్టిన ఇంటికి వెంటనే. సూర్యుడి కరెంటు పెరగాలి, అందులో నాకు పేచీ లేదు. కానీ పగలంతా ఉపాధి పనిలోనో, నెల్లిమర్ల మిల్లు కాడో ఉండే మనిషి ఇంటికొచ్చి స్విచ్చి వేసేది పొద్దు గూకేకే గదా! చవక గంటల్లో ఆమె ఇంటికి తాళం, ఖరీదు గంటల్లో దీపం.

ఇప్పుడు మన తూర్పుకి చూడండి. రణస్థలం మండలం కొవ్వాడ. అమెరికా వెస్టింగ్‌హౌస్ కంపెనీ అణు రియాక్టర్లు ఆరు, ఒక్కోటి 1,208 మెగావాట్లు. భూములు తీసుకున్న ఊళ్లోళ్లు ఇంకా పునరావాసం కోసం చూస్తున్నారు. 2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో 2047కి లక్ష మెగావాట్ల అణు కరెంటు అన్నారు, ప్రైవేటు వాళ్లకి తలుపులు తీయడానికి చట్టాలు మారుస్తామన్నారు. ప్రమాదం సంగతి ఇక్కడ చాలామంది చాలాసార్లు రాసినారు. నేను బిల్లు సంగతే అడుగుతున్నాను.

ఇవే రియాక్టర్లు రెండు అమెరికాలో జార్జియా రాష్ట్రం వోగ్టల్‌లో కట్టినారు. దగ్గిర దగ్గిర 14 బిలియన్ డాలర్లన్నది 30 బిలియన్లు దాటింది. ఏడేళ్లు ఆలస్యం. మధ్యలో 2017లో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. రెండోది 2024 ఏప్రిల్‌లో గానీ నడవలేదు. అక్కడి జనం బిల్లుల్లో ఆ ఖర్చు వరస ఎప్పటినుంచి పడిందో తెలుసా? 2011 నుంచి. ఒక్క యూనిట్ కూడా రాకముందే. అంత డబ్బున్న దేశంలోనే తేడా జనం నెత్తిన పడితే, కొవ్వాడ తేడా ఎవరి బిల్లులో ఏ పేరుతో వస్తాదో చెప్పమనండి.

మన ప్రాంతం కరెంటుకి అడ్డం అన్నమాట మాత్రం ఎవరూ అనకండి. మాచ్‌ఖండ్‌కి మన్యం నీళ్లూ, ఊళ్లూ ఇచ్చినాం. సోంపేట బీలలో థర్మల్ వద్దన్నందుకు 2010 జులై 14న తుపాకులు పేల్చినారు. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. అంటే జనం చెప్పిందే సరైనదని తేలేసరికి మనుషులు పోయినారు. ఏడు నెలలకి మళ్లీ కాకరాపల్లి.

అందుకని మేము అడిగేవి పెద్దవేం కావు. నెలకి 75 యూనిట్లు దాటని ఇంటికి పాత సంవత్సరాల సర్దుబాటు వేయొద్దు. ఆ ఇళ్లకి పూట రేట్లు అసలే వద్దు. కొవ్వాడ కరెంటు యూనిట్ ఎంతకి పడతాదో, ఖర్చు పెరిగితే ఆ తేడా ఎవరు భరిస్తారో సంతకాలకి ముందే తెలుగులో అచ్చేసి పంచాయతీల్లో పెట్టాలి.

అభ్యంతరాలు వినే ఏపీఈఆర్‌సీ ఆఫీసు కర్నూలులో ఉన్నాది. మనం కాగితం రాసి పంపొచ్చు. వచ్చే సోమవారం విజయనగరం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి కూడా ఈ చుట్టుపక్కల ఊళ్లోళ్లం వెళ్తున్నాం. వచ్చేవాళ్లు డిసెంబరు, జనవరి బిల్లులతో పాటు దొరికితే 2022 నాటి పాత బిల్లు కూడా తెచ్చుకోండి. పక్కపక్కన పెట్టి చూపించాలి. ముసలమ్మ తన బిల్లు నా కాడే ఉంచీసింది, ఆమెకి నడుం నొప్పి, బస్సెక్కలేదు.