టిక్కెట్లమ్మిన అమ్మాయిల టీమ్

స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్. జనం మధ్యన తిరుగుతూ కొందరమ్మాయిలు లాటరీ టిక్కెట్లు అమ్ముతున్నారు. ఒక్కో టిక్కెట్టు మీద ఒక్కో సమయం అచ్చేసి ఉంటుంది. మొదటి గోలు సరిగ్గా ఆ సమయానికి పడిందా... కొన్నవాడి పంట పండినట్టే! ఆ లాటరీ పేరు 'గోల్డెన్ గోల్'.

అది 1969. ఊరు ఇంగ్లండ్‌లోని డాంకాస్టర్. మైదానం పేరు బెల్‌వ్యూ. డాంకాస్టర్ రోవర్స్ అనే మగవాళ్ల క్లబ్బుకు 1922 నుంచీ అదే ఇల్లు. ప్రతి మ్యాచ్‌కీ వచ్చి, టిక్కెట్లమ్మి, గట్టున నిలబడి ఆట చూసీ చూసీ ఆ అమ్మాయిలకు విసుగెత్తింది. ఎంతకాలం చూస్తాం, మనమే ఆడితే పోలా అనుకున్నారు. అంతే, టీమ్ తయారైంది. మైదానం పేరునే తమ పేరులో కలుపుకుని 'బెల్‌వ్యూ బెల్స్' అయ్యారు. 'బెల్' అంటే అందగత్తె. కొన్నాళ్లకు అది డాంకాస్టర్ బెల్స్‌గా మారింది.

పేరైతే పెట్టుకున్నారు గానీ, అప్పటి నిబంధనల ప్రకారం ఆ మైదానంలో కాలు పెట్టి ఆడే హక్కు వాళ్లకు లేదు!

దీని వెనక ఓ పాత కథ ఉంది. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో అమ్మాయిల మ్యాచ్ చూడ్డానికి 53,000 మంది వచ్చారు. ఫుట్‌బాల్ పెద్దలకు గుబులు పుట్టిందో ఏమో, ఏడాది తిరక్కుండానే 1921 డిసెంబరు 5న ఫుట్‌బాల్ అసోసియేషన్ ఓ తీర్మానం చేసింది. ఈ ఆట ఆడవాళ్లకు తగదు, సభ్య క్లబ్బులేవీ తమ మైదానాలు వాళ్లకు ఇవ్వకూడదు అని. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు నడిచింది. బెల్స్ పుట్టిననాటికీ అది అమల్లోనే ఉంది. టిక్కెట్లు అమ్మొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు, బంతి తన్నడం మాత్రం కుదరదన్నమాట!

డాంకాస్టర్ అంటే బొగ్గు గనులూ రైలింజన్లూ. మన గోదావరిఖనిలాంటి ఊరనుకోండి. ప్రపంచమంతా పేరుమోసిన 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' ఇంజన్ తయారైంది ఇక్కడే. అలాంటి చోట ఆడపిల్లల ఆటకు నీడనిచ్చిందెవరో తెలుసా... గని కార్మికుల సంక్షేమ మైదానాలు. 1990ల్లో బెల్స్ ఆడిన ఆర్మ్‌తోర్ప్ మైదానం అలాంటిదే. ఆ గ్రామంలోని గని 1996లో మూతపడింది.

మైదానం ఎవరిదైనా ఆట వాళ్లదే. 1983 నుంచి 1994 దాకా పన్నెండేళ్లలో జరిగిన మహిళల ఎఫ్ఏ కప్ ఫైనల్స్‌లో ఒక్క 1989 తప్ప ప్రతి ఏడాదీ బెల్స్ ఉన్నారు. పదకొండు ఫైనల్స్! ఆరుసార్లు కప్పు తెచ్చుకున్నారు. 1991-92లో జాతీయ లీగ్ మొదలైతే ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా తొలి విజేత అయ్యారు. ఆ ఏడాది కప్పూ వాళ్లదే.

ఇంతా చేసి వీళ్లెవరికీ ఆటే జీవనం కాదు. గిలియన్ కోల్టార్డ్‌నే తీసుకోండి. పదమూడేళ్లకు క్లబ్బులో చేరింది. ఫ్యాక్టరీలో పనిచేస్తూనే ఇంగ్లండ్ తరఫున 119 మ్యాచ్‌లాడింది. వంద దాటిన తొలి ఆంగ్ల మహిళ ఆమే. 1995 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ మహిళల తొలి గోలూ ఆమెదే. మగవాళ్ల క్రికెట్‌లో ఇలాంటి లెక్క ఉన్నవాడికి మనం గుడి కట్టేవాళ్లం! వీళ్లతోపాటు ఓ సీజనంతా తిరిగిన పీట్ డేవీస్ అనే రచయిత 1996లో పుస్తకం రాశాడు. దాని స్ఫూర్తితో బీబీసీలో సీరియల్ కూడా వచ్చింది.

బెల్‌వ్యూ కథ వేరు. 1995లో దాని ప్రధాన స్టాండుకు నిప్పంటుకుంది. తీరా చూస్తే అది రోవర్స్‌కు అప్పట్లో అండగా ఉన్న పెద్దమనిషే మనుషుల్ని పెట్టి చేయించిన పని! వచ్చినవాళ్లలో ఒకడు సెల్‌ఫోన్ అక్కడే మర్చిపోయి దొరికిపోయాడు. పెద్దమనిషికి 1999లో జైలుశిక్ష పడింది. 2006 చివర్లో బెల్‌వ్యూలో ఆఖరి మ్యాచ్ ఆడేసి రోవర్స్ కీప్‌మోట్ అనే కొత్త స్టేడియానికి మారిపోయారు. అప్పటికే రోవర్స్‌తో పొత్తు పెట్టుకుని 'డాంకాస్టర్ రోవర్స్ బెల్స్' అయిన అమ్మాయిలు 2011లో మహిళల సూపర్ లీగ్ మొదలైనప్పుడు ఆ స్టేడియంలోనే ఆడారు. ఎనిమిది జట్లలో వాళ్లొకరు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. 2013 సీజన్‌లో ఇంకా ఒక్క మ్యాచే ఆడారు. అంతలోనే అసోసియేషన్ నుంచి కబురు: వచ్చే ఏడాది మీరు రెండో అంచెలో ఉంటారు, మీ చోటు మాంచెస్టర్ సిటీకి. ఓడిపోయినందుకు కాదు. సదుపాయాలు, ఆర్థిక స్థితి, మార్కెటింగ్... ఈ కొలతల్లో తూగలేదట! అప్పీలు చేస్తే కొట్టేశారు. పరీక్ష రాయకముందే ఫెయిలని చెప్పి, ఇక వెళ్లి పరీక్ష రాయమంటే ఎలా ఉంటుంది? మిగతా సీజనంతా వాళ్లు అలాగే ఆడారు.

2015లో ఆడి గెలిచి మళ్లీ పై అంచెకు ఎక్కారు. మరుసటి ఏడాదే దిగారు. 2018లోనైతే రెండో అంచె విజేతలు వాళ్లే! అదే వేసవిలో లీగ్‌ను తిరగరాశారు. మూడో అంచెలో ఉన్న వెస్ట్‌హామ్ లైసెన్సు సంపాదించి ఏకంగా పై అంచెలోకి దూకేసింది. విజేత బెల్స్ దగ్గర రెండో అంచెలో కొనసాగడానికీ డబ్బు లేదు. లైసెన్సు వదులుకుని మూడో అంచెకు, అక్కణ్నుంచి ఏడాదికే నాలుగో అంచెకు జారిపోయారు.

2023 ఆగస్టు 20న సిడ్నీలో ప్రపంచకప్ ఫైనల్. ఇంగ్లండ్‌కు కెప్టెన్ మిల్లీ బ్రైట్. స్పెయిన్ పెనాల్టీని ఆపిన గోల్‌కీపర్ మేరీ ఎర్ప్స్. కప్పు స్పెయిన్‌కే పోయింది గానీ ఆ టోర్నీలో అత్యుత్తమ గోల్‌కీపర్ బహుమతి ఎర్ప్స్‌కే దక్కింది. ఒకప్పుడు ఈ ఇద్దరూ బెల్స్ అమ్మాయిలే. అంతకుముందు ముగిసిన సీజన్‌ను వాళ్ల పాత క్లబ్బు నాలుగో అంచెలో ఆడింది.