కథలో మలుపు, పాఠకునికి న్యాయం

డిటెక్టివ్ నవలలు విద్యార్థుల కాలాన్ని హరిస్తాయనీ, కళాశాల గ్రంథాలయంలో వాటికి తావీయరాదనీ పెద్దలు కొందరంటారు. మేము అంగీకరించలేము. తెలుగు చదువరికి కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజు ఎంత ఆత్మీయులో, ఉర్దూ చదువరికి 1952లో 'జాసూసీ దునియా'ను ప్రారంభించిన ఇబ్నె సఫీ గారి ఫరీదీ, హమీద్ అంత ఆత్మీయులు.

ఈ కథల ఆకర్షణంతా మలుపులో ఉన్నది. అయితే మలుపు వేరు, మోసం వేరు. 1983లో జపానులో యూజీ హోరీ 'పోర్టోపియా' అనే కంప్యూటర్ ఆటను రచించాడు. అందులో ఆడేవాడే పరిశోధకుడు. అతని ఆజ్ఞలన్నీ నెరవేర్చేవాడు యాసు అనే సహాయకుడు. హంతకుడు ఆ యాసుయే! (ఆట ఆడదలచినవారు మన్నింతురు గాక.) ఊరందరినీ అనుమానించినవాడు పక్కనున్నవానిని అనుమానించడు. 1926లో అగాథా క్రిస్టీ కథ చెప్పేవానినే హంతకునిగా చేసినప్పుడు అన్యాయమన్నవారున్నారు. కాని వెనుకకు మరలి చదివితే ఆధారాలు ముందే కనబడతాయి. చివరి పుటలో ఎక్కడినుండో కవల సోదరుని దింపే రచయితను మాత్రం మేము సమర్థించము.

మన విశాఖలో న్యాయవాదిగా పనిచేసిన రావిశాస్త్రి గారి కథలలో సాక్ష్యం ఎట్లా అమ్ముడుపోతుందో చూస్తాము. సాక్ష్యాన్ని శంకించడం నేర్పే చదువు వ్యర్థమెట్లవుతుంది? ఒక బీరువా, అందులో ఉర్దూకు ఒక అర, తెలుగుకు ఒక అర: కమిటీ వారిని మేము కోరేది ఇంతే.