రౌటరునకు క్రొత్త ప్రోగ్రాము: ఎప్పుడు, ఎట్లు?

గోల్నాకలోని మా యింట జరిగిన సంగతి నొకదానిని మొదట విన్నవింతుము. మా అమ్మాయి ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పంపుటకు అది కడపటి దినము. ఆ సాయంకాలమే రౌటరునకు క్రొత్త ప్రోగ్రాము ఎక్కింప బూనితిమి. నడుమ కరెంటు పోయెను. మరల వచ్చిన పిదప దీపము మినుకుమినుకు మనెనే గాని పెట్టె పనిచేయలేదు. తార్నాకలోని మా వదినగారింటికి ఆటోలో పోయి, గడువు లోపల ఎట్లో దరఖాస్తు పంపితిమి. పెట్టెను నిందించి లాభమేమి? వేళ నెఱుగక మేమే తొందరపడితిమి.

ఇంటికి వచ్చు ఇంటర్నెట్టును ఫోనులకును కంప్యూటరులకును పంచు పెట్టెయే రౌటరు. దానిని నడపునది లోపలి ప్రోగ్రాము. అందు లోపము బయటపడినపుడు తయారుచేసినవారు దిద్దిన ప్రతిని పంపుదురు. ఎక్కించునపుడు పాతది చెరిగి క్రొత్తది వ్రాయబడును. నడుమ కరెంటు పోయినచో పెక్కు పెట్టెలలో పాతదియు మిగులదు, క్రొత్తదియు నిండదు.

అట్లని దిద్దుబాటునే మానవచ్చునా? 2017 జూలైలో మన దేశమున బి.ఎస్.ఎన్.ఎల్. మోడెములు పెక్కింటిని ఒక దుష్ట ప్రోగ్రాము పాడుచేసెను. కొన్ననాటి పాస్‌వర్డును మార్చని పెట్టెలు దాని వాత బడెను. 2018లో వి.పి.ఎన్. ఫిల్టర్ అను మరియొకటి 54 దేశములలో 5 లక్షల పెట్టెలలో జొరబడెను. వానిలో చాలవాటి లోపములు ముందే తెలిసినవి. కాని దిద్దుబాటు సైతము చెరుపు చేయవచ్చును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ పంపిన దిద్దుబాటులోని తప్పు వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటరులు నిలిచిపోగా, మన హైదరాబాదు విమానాశ్రయమున చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చిరి.

మాకు చేరువనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము వంటి పెద్ద ప్రాంగణములలో ఒక స్విచ్చి ఆగిన, దానికి కలిపిన గదులన్నిటను ఇంటర్నెట్టు ఆగును. కావున పని తెలిసినవారు అమరికలను భద్రపఱచి, మొదట నొకదానికే ఎక్కించి చూచి, పనులు లేని వేళ తక్కినవానికి ఎక్కింతురు.

సోదరీమణులును ఈ పద్ధతినే పాటింపవచ్చును. దరఖాస్తులు, ఆన్‌లైను తరగతులు లేని దినము నెన్నుకొనుడు. పెట్టెను ఇన్వర్టరునకు గాని యు.పి.ఎస్.నకు గాని తగిలింపుడు. అడుగున నున్న మోడలు సంఖ్య చూచి, తయారీదారుల వెబ్‌సైటు నుండియే ప్రతిని తీసికొనుడు. వైఫై పేరును, పాస్‌వర్డును, తక్కిన అమరికలను కాగితముపై వ్రాసి యుంచుడు. పని ముగియువఱకు మీట నొక్కకుడు. పెట్టె ఇంటర్నెట్టు కంపెనీ వారిదైనచో మీరై పూనుకొనక, వారినే అడుగుడు. ఇంతపాటి జాగ్రత్త వహించినచో దిద్దుబాటునకు వెఱవ పనిలేదు.